స్నార్కెల్ అనే పేరు ఎక్కడిది?

[తెరపై: సముద్రంలో బోర్లా తేలుతున్న ఈతగాడు, నీటిపైకి వచ్చిన వంకర గొట్టం]

అండమాన్ వెళ్లొచ్చిన వాళ్ల ఫొటోల్లో ఈ గొట్టాన్ని చూసే ఉంటారు. స్నార్కెల్. ఈ పేరు మొదట ఈతగాళ్లది కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్లది.

[తెరపై: ష్నోర్షెల్]

జర్మన్ నావికుల యాసలో ‘ష్నోర్షెల్’ అంటే ముక్కు, ముట్టె. గురక పెట్టడాన్ని చెప్పే మాటకు ఇది దగ్గరి చుట్టం.

[తెరపై: రాత్రి సముద్రం, పైన విమానం]

సబ్‌మెరైన్‌కు ముక్కెందుకు? అప్పట్లో అది నీటి అడుగున బ్యాటరీతో నడిచేది. ఛార్జింగ్ అయిపోతే డీజిల్ ఇంజన్ వేయాలి, డీజిల్ మండాలంటే గాలి కావాలి. కాబట్టి పైకి రాక తప్పదు. చీకట్లో వస్తే ఎవరికీ కనబడమనుకునేవారు. విమానాల్లో రాడార్ వచ్చాక ఆ ధీమా పోయింది. 1943 మే ఒక్క నెలలోనే జర్మనీ 40కి పైగా యూ-బోట్లను, అంటే తన సబ్‌మెరైన్లను పోగొట్టుకుంది.

దీనికి విరుగుడు డచ్ వాళ్ల దగ్గర ముందే ఉంది. వాళ్ల నౌకాదళ అధికారి యాన్ యాకోబ్ విఖర్స్ ఆలోచనతో తయారైన, నీటి అడుగున ఉండగానే ఇంజన్‌కు పైగాలి అందించే గొట్టాన్ని 1939 నాటికే ఓ-19 సబ్‌మెరైన్‌కు బిగించారు. 1940లో నెదర్లాండ్స్‌ను ఆక్రమించినప్పుడు అలాంటి గొట్టాలు జర్మన్ల చేతికి చిక్కాయి. మొదట్లో వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. దెబ్బ మీద దెబ్బ తగిలాకే వాడకంలోకి తెచ్చారు.

[యానిమేషన్: గొట్టం కొనను కప్పేస్తున్న అల]

ఇక్కడ కాస్త ఆగి చూడండి. అల మీదికి రాగానే నీళ్లు పోకుండా గొట్టం పైనున్న వాల్వ్ మూసుకుంటుంది. ఇంజన్ మాత్రం ఆగదు. మనుషులున్న గదుల్లోని గాలినే లాగేస్తుంది. ఒక్కసారిగా ఒత్తిడి పడిపోయి సిబ్బందికి భరించలేని చెవిపోటు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే అది మళ్లీ మళ్లీ జరిగేది. ఏ పక్షం వాళ్లైనా సరే, ఆ ఇనుప గదుల్లో ఉన్నవాళ్లను తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

1944లో ఈ మాట ఇంగ్లిష్‌లోకి వచ్చింది. యుద్ధం తర్వాత ఇతర దేశాలూ ఈ గొట్టాన్ని తీసుకున్నాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర కూడా స్నార్కెల్ ఉన్న తరం సబ్‌మెరైనే.

[తెరపై: ఏనుగు తొండం ఎత్తి ఈదడం]

ఈతగాళ్ల గొట్టానికి ఈ పేరు తర్వాత అంటుకుంది. గొట్టం మాత్రం చాలా పాతది. గజ ఈతగాళ్లు నీటిపై నుంచి గాలి పీల్చే సాధనాన్ని క్రీస్తుకు పూర్వమే అరిస్టాటిల్ ఏనుగు తొండంతో పోల్చాడు.

మరి దాన్ని ఇంకా పొడుగు చేసి లోతుకు దిగొచ్చుగా? కుదరదు. మీటరు లోతులోనే నీళ్లు ఛాతీని గట్టిగా నొక్కేస్తాయి, ఊపిరి లోపలికి లాగలేం. పైగా వదిలిన గాలి గొట్టంలోనే మిగిలి, దాన్నే మళ్లీ పీలుస్తాం. అందుకే స్నార్కెల్ పొడవు సుమారు 40 సెంటీమీటర్లు దాటదు. పైపు అతికించి పొడుగు చేసే పని మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి, పిల్లల్నీ చేయనివ్వకండి.