క్రియ కడుపులో దూరే సర్వనామం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు ఇప్పటికే చదివారు, నేను మళ్ళీ చదవను. కార్డులో 'పోర్చుగీసు క్రియలు: పరిచయం' అని వేశారు. నేను మాట్లాడబోయేది మాత్రం ఒక అడ్డగీత గురించి.

దరేయ్ అంటే 'ఇస్తాను'. పలికితే ద-రేయ్ అని విరుగుతుంది. పుట్టుక చూస్తే దర్, ఏయ్ అని రెండు ముక్కలు. దర్ అంటే ఇవ్వడం. ఏయ్ అనేది 'అవేర్' అనే సహాయక్రియ అరిగిపోగా మిగిలిన తునక. వాడుక లాటిన్‌లో విడివిడిగా ఉన్న రెండు మాటలు అతుక్కుని ఒక్కటయ్యాయి. ర్ పక్క అక్షరంలోకి జారిపోయింది కాబట్టి అతుకు కనబడదు. 'అతనికి' అనే ల్యె వచ్చి చేరితే? దర్-ల్యె-ఏయ్! సరిగ్గా పాత అతుకులోనే దూరింది. దీన్ని మెజోక్లిజె అంటారు. వెనకవాళ్ళకు వినబడుతోందా? దర్, ల్యె, ఏయ్.

'దాన్ని కొనేవాళ్ళం' అనాలంటే కొంప్రా-లో-ఈఅమోస్. కొంప్రార్‌లోని ర్ ఎగిరిపోయి ల్ వచ్చింది. మామూలుగా మాటకు ఒక్కటే స్వరచిహ్నం, అంటే అచ్చు నెత్తిన పెట్టే గుర్తు; ఇక్కడ రెండు, కొంప్రాలో ఒకటి, ఈఅమోస్‌లో ఒకటి.

బ్రెజిల్‌లో ఇంట్లో ఇలా ఎవరూ మాట్లాడరు. 2016లో తాత్కాలిక అధ్యక్షుడైన మిషెల్ తెమెర్ మొదటి ప్రసంగంలో ఇలాంటిదే 'సే-లో-ఈఅ' అని వాడాడు, దాని మీద జోకులే జోకులు. సరే, నా బాధ అది కాదు.

నా దగ్గర చదివే అమ్మాయి పరీక్షలో సెరెనా-లోస్-ఎమోస్ అని రాస్తుంటే లైను అయిపోయింది. 'వాళ్ళను శాంతింపజేస్తాం' అని దానర్థం. అడ్డగీత దగ్గర విరిచి, కింది లైను మొదట్లో ఇంకో అడ్డగీత పెట్టింది. దిద్దినాయన ఆ రెండో గీతను ఎర్ర సిరాతో కొట్టేసి అర మార్కు కోశారు. అయ్యా, పోర్చుగీసు మాట్లాడే దేశాలు చేసుకున్న 1990 నాటి వర్ణక్రమ ఒప్పందం, ఇరవయ్యో సూత్రం చూడండి! గీతను మళ్ళీ వేయమనే ఉంది. లేకపోతే అది మాటలోని గీతో, చోటు చాలక పెట్టిన గీతో చదివేవాడికెలా తెలుస్తుంది? అక్కడ ఇచ్చిన ఉదాహరణల్లో ఈ మాటే ఉంది, సెరెనా-లోస్-ఎమోస్! బ్రెజిల్‌లో ఆ ఒప్పందం 2009లో అమల్లోకి వచ్చింది, 2016 నుంచి తప్పనిసరి.

మార్కులు కోయాలనుంటే వేరే చోటుంది. కార్రో అంటే కారు. మనవాళ్ళు 'కర్ర' రాసే అలవాటుతో దాన్ని కా-ర్రో అని విరుస్తారు. పోర్చుగీసులో కార్-రో, చెరోవైపు ఒక ర్. ఛందస్సు చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు, కర్రలో 'క' గురువయ్యేది ఆ మొదటి ర్ బరువుకే. ఇక్కడ కోయండి, నేను నోరెత్తను.

ఆ జవాబు పత్రం నకలు నా సంచిలోనే ఉంది. పేపర్లు దిద్దే టీచర్లు ఇక్కడుంటే దయచేసి భోజనాల దగ్గర నన్ను కలవండి, ఇరవయ్యో సూత్రం కూడా తెచ్చాను.