కొవ్వు బిందువు ఖాళీ సున్నా కాదు

వేదిక మీద ఉన్న పెద్దలకు, బయోకెమిస్ట్రీ విద్యార్థులకు నమస్కారం. నాకిచ్చిన అంశం కణంలో కొవ్వు జీవక్రియ, లిపిడ్‌లను పట్టుకునే ప్రొటీన్లు. ఇరవై నిమిషాలే ఇచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

కొవ్వు ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు. కణంలో చూస్తే ఎక్కువ భాగం నీరే. మరి అవి ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా చేరతాయి? పేగులు, కాలేయం, గుండె కణాల్లో వాటిని పట్టుకునే చిన్న ప్రొటీన్ ఉందని 1972లో రాబర్ట్ ఆక్నర్ బృందం చూపించింది. ఇలాంటి ప్రొటీన్లనే ఇప్పుడు ఎఫ్‌ఏబీపీలు (ఫ్యాటీ యాసిడ్ బైండింగ్ ప్రొటీన్లు) అంటున్నాం. గుండెపోటులో కండరం దెబ్బతింటే గుండె రకం ఎఫ్‌ఏబీపీ కొద్ది గంటల్లోనే రక్తంలో కనబడుతుంది. ఇదంతా మీకు క్లాసులో చెబుతారు. నా బాధ వేరే ఉంది.

మీ రికార్డు పుస్తకం తీయండి. కొవ్వు కణం బొమ్మలో మధ్యన పెద్ద సున్నా, అంచున న్యూక్లియస్. అంతే కదా? ఆ సున్నా ఎందుకు ఖాళీగా ఉందో ఎవరైనా అడిగారా? స్లైడు చేసేటప్పుడు కణజాలానికి మైనం ఎక్కించే ముందు ఆల్కహాల్లో, జైలీన్లో ముంచుతారు. కొవ్వంతా అందులో కరిగిపోతుంది, చిల్లు మిగులుతుంది. ఆ చిల్లునే మనం తరతరాలుగా బొమ్మగా గీస్తున్నాం! మా విద్యార్థిని ఒకమ్మాయి ఆ సున్నాను కొవ్వు బిందువుగా చూసి, దాని చుట్టూ గీత గీసి "పెరిలిపిన్" అని రాస్తే, పరీక్షకుడు పుస్తకంలో లేదని మార్కులు కోశాడు. నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఆ అమ్మాయి రాసిందే సరైనది.

అమెరికాలోని ఎన్ఐహెచ్ అనే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థలో కాన్‌స్టాంటైన్ లోండోస్ బృందం 1991లో వర్ణించిన ప్రొటీన్ పెరిలిపిన్. కొవ్వు బిందువును చుట్టి ఉంటుంది. గాదెకు కాపలాదారు లాంటిది. తిండి తిన్నాక సీజీఐ-58 అనే ప్రొటీన్‌ను తన దగ్గరే పట్టి ఉంచుతుంది. ఉపవాసంలోనో, పరుగెత్తినప్పుడో అడ్రినలిన్ అందగానే పెరిలిపిన్ మీద ఫాస్ఫేట్లు చేరతాయి, సీజీఐ-58 విడుదలవుతుంది. అది కొవ్వును విడగొట్టే ఏటీజీఎల్ అనే ఎంజైమును ఉత్తేజపరుస్తుంది. అప్పుడు గానీ కొవ్వు కరగడం జోరందుకోదు.

మరి కాపలా లేకపోతే? "హాయిగా సన్నబడొచ్చు" అనుకుంటారు చాలామంది. వినండి, ఈ మాట మాత్రం మరచిపోకండి. 2011లో పెరిలిపిన్ జన్యువులో లోపమున్న కుటుంబాల గురించి వైద్యులు రాశారు. కాళ్లూ చేతుల్లో చర్మం కింద కొవ్వు తగ్గిపోయింది, మనిషి సన్నగానే కనబడతాడు. కానీ రక్తంలో ట్రైగ్లిజరైడ్లు విపరీతం, ఇన్సులిన్‌కు లొంగని షుగర్, కాలేయంలో కొవ్వు. ఉండాల్సిన చోట నిలవలేని కొవ్వు ఊరుకోదు, కాలేయంలో చేరుతుంది. అందుకే కొవ్వును శత్రువని తిట్టే ప్రకటనలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మాస్టార్లకు ఒక్క విన్నపం. మైనం స్లైడుతో పాటు, గడ్డకట్టించి కోసి ఆయిల్ రెడ్ ఓ అనే రంగు వేసిన స్లైడు ఒక్కటి పిల్లలకు చూపించండి. చిల్లు స్థానంలో ఎర్రటి బిందువులు కనబడతాయి. ఈ ఏడాది ప్రాక్టికల్స్‌లో ఎవరైనా కొవ్వు బిందువు చుట్టూ గీత గీసి పెరిలిపిన్ అని పేరు రాస్తే, దయచేసి మార్కులు వేయండి.