ఐ అంటే ఐదు కాదు

అందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో, అదీ మధ్యాహ్నం మూడింటికి, లెక్కల గురించి వినడానికి వచ్చిన పిల్లలకి ముందు నేనే దండం పెట్టాలి. లాక్కొచ్చిన అమ్మానాన్నలకి ఇంకోటి.

ముప్పై ఏళ్లు ఆరో తరగతికి లెక్కలు చెప్పాను. రోమన్ అంకెల పాఠం వచ్చిన ప్రతి ఏడూ ఒకటే తప్పు. ఐదు రాయమంటే సగం మంది ఐ రాసేవాళ్లు. మొదట్లో కోప్పడేవాణ్ణి. తప్పు వాళ్లది కాదని తర్వాత తెలిసింది. తెలుగు పిల్లాడికి 'ఐ' అని వినగానే ఐదు కాక ఇంకేం గుర్తొస్తుంది? ఆ తర్వాత నుంచి పేరు చెప్పకుండా బోర్డు మీద ఒక నిలువు గీత గీసి పాఠం మొదలుపెట్టేవాణ్ణి. ఇది అక్షరం కాదర్రా, గీత. మీ అమ్మమ్మలు పాల లెక్కకి తలుపు వెనకాల బొగ్గుతో పెట్టేవాళ్లే, ఆ గీత.

రోమన్ అంకెలు పుట్టింది కూడా అలాంటి గీతల్లోంచే అని చాలామంది పండితుల అభిప్రాయం. కర్ర మీద గాట్లు పెట్టుకుంటూ పోతే ఓ ఇరవై దాటాక ఎన్నున్నాయో చూపుకి అందదు. అందుకని ఐదో గాటు వేరేగా, పదో గాటు ఇంటూ గుర్తులాగా పెట్టారు. ఆ ఇంటూనే ఎక్స్, అంటే పది. దాన్ని అడ్డంగా సగానికి కోస్తే పైన మిగిలేది వి. పదిలో సగం ఐదు. ఇక ఎల్ అంటే యాభై, సి అంటే వంద, డి అంటే ఐదువందలు, ఎం అంటే వెయ్యి. లాటిన్‌లో వందని 'కెంటుమ్' అంటారు, అది సి తో మొదలవుతుంది. మన సంస్కృత 'శతం'కి అది చుట్టమే. వెయ్యి అంటే 'మిల్లె', అందుకే ఎం. ఎల్, డి మాత్రం బట్టీ పట్టాల్సిందే.

ఇప్పుడు అసలు గొడవ. పుస్తకంలో నియమాలుంటాయి. చిన్నది పెద్దదాని తర్వాత వస్తే కలపాలి, ముందొస్తే తీసెయ్యాలి. ఐ, ఎక్స్, సి మూడుసార్లు మించకూడదు. వి, ఎల్, డి రెండోసారి రాయనేకూడదు. ఐ ని వి, ఎక్స్‌ల ముందు తప్ప ఇంకెక్కడా పెట్టి తియ్యకూడదు. ఇవన్నీ అప్పజెప్పిన పిల్లాడే తొంభై తొమ్మిది రాయమంటే ఐ సి అని రాస్తాడు. వందకి ఒకటి తక్కువ. న్యాయంగానే ఉంది కదా? కానీ మార్కు రాదు.

నేను నియమాలు చెప్పడం మానేశాను. అంకెని నోటితో చదవండి, నోరు ఎలా విడగొడితే చెయ్యి అలా రాయాలి, అంతే అన్నాను. తొంభై తొమ్మిది అనేటప్పుడు నోరు ముందు తొంభై అంటుంది. అయితే ముందు తొంభై రాయండి: వందకి పది తక్కువ, ఎక్స్ సి. తర్వాత తొమ్మిది: పదికి ఒకటి తక్కువ, ఐ ఎక్స్. 1999కైనా అంతే. వెయ్యి, ఎం. తొమ్మిది వందలు, సి ఎం. తొంభై, ఎక్స్ సి. తొమ్మిది, ఐ ఎక్స్. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఐ, వి, ఎక్స్‌లతో రాయడం వస్తే, పదులకి అదే వరస ఎక్స్, ఎల్, సి లతో, వందలకి అదే వరస సి, డి, ఎం లతో. పాట అదే, శ్రుతి మార్చి పాడుతున్నాం. 2026 రాయాలంటే రెండు వేలు, ఎం ఎం. వందలు లేవు కాబట్టి అక్కడ ఏమీ రాయొద్దు. ఇరవై, ఎక్స్ ఎక్స్. ఆరు, వి ఐ. లేని వందల చోట సున్న పెట్టాలన్న టెన్షన్ లేదు. వాళ్ల దగ్గర సున్నే లేదు.

'తక్కువ' అని చెప్పడం మనకి కొత్తేమీ కాదు. పావుతక్కువ నాలుగు అంటాం. సంస్కృతంలో పంతొమ్మిది 'ఏకోనవింశతి', అంటే ఒకటి తక్కువ ఇరవై. లాటిన్‌లోనూ పంతొమ్మిదికి అదే మాట, పద్దెనిమిదిని అయితే 'రెండు తక్కువ ఇరవై' అనేవాళ్లు. రోమన్ 18వ దళంలో పనిచేసి క్రీ.శ. 9లో జర్మనీ యుద్ధంలో చనిపోయిన ఒక అధికారి స్మారక శిల ఉంది. దాని మీద దళం సంఖ్యని ఎక్స్ ఐ ఐ ఎక్స్ అని చెక్కారు. నోరు చెప్పినట్టే చెయ్యి రాసింది. మన పరీక్షలో అలా రాస్తే ఎర్ర పెన్ను పడుతుంది.

అంటే ఈ నియమాలు రోమన్లే సరిగ్గా పాటించలేదు. రోమ్‌లో కొలోసియం ప్రేక్షకుల ద్వారాలకి నంబర్లున్నాయి. వాటిలో 44వ ద్వారం మీద నలభైని ఎక్స్ ఎల్ అని తీసివేత పద్ధతిలో రాసి, పక్కన నాలుగుకి నాలుగు నిలువు గీతలు పెట్టారు. ఒకే నంబర్లో రెండు పద్ధతులు!

ఆ నాలుగు గీతలు మీరూ చూసే ఉంటారు, పాత గోడ గడియారాల మీద. నాకు పదేళ్లప్పుడు మా ఇంటి గడియారం బాగుచెయ్యడానికొచ్చిన ఆయనతో 'మావయ్యా, నాలుగు తప్పు రాశారు, ఐ వి ఉండాలి' అన్నాను. ఆయన భూతద్దం తియ్యకుండానే, 'నువ్వు పుట్టకముందు నుంచీ అది నాలుగేరా అబ్బాయ్' అన్నాడు. ఎందుకలా రాస్తారన్నదానికి రకరకాల కథలున్నాయి. నాకు నచ్చింది ఇది: నాలుగు గీతలు పెడితే మొదటి నాలుగు గంటల్లో ఐ మాత్రమే ఉంటుంది, తర్వాతి నాలుగింటిలో వి, చివరి నాలుగింటిలో ఎక్స్ కనిపిస్తాయి. ముఖానికి ఒక పొందిక వస్తుంది. అలాగని అన్ని గడియారాలూ అంతే కాదు. లండన్‌లో బిగ్ బెన్ గడియారం మీద ఐ వి అనే ఉంటుంది.

ఒక పిల్లాడు అడిగాడు, 'మాస్టారూ, వీటితో గుణకారం ఎలా చేసేవాళ్లు?' అని. రాసి చేసేవాళ్లు కాదు నాయనా. పలక మీద గులకరాళ్లు జరిపి లెక్క చూసుకుని, వచ్చిన జవాబుని మాత్రం ఈ అక్షరాల్లో రాసుకునేవాళ్లు. గులకరాయిని వాళ్లు 'కాల్క్యులుస్' అన్నారు. కాలిక్యులేటర్ అక్కణ్ణుంచే వచ్చింది. కిడ్నీలో రాయుంటే స్కానింగ్ రిపోర్టులో రాసే కాలిక్యులస్ కూడా అదే. కాగితం మీదే లెక్క చెయ్యడానికి యూరప్‌కి మన దేశంలో పుట్టిన అంకెలు అరబ్బుల ద్వారా చేరాలి. చేరాక కూడా అంత తేలిగ్గా నమ్మలేదు. 1299లో ఫ్లోరెన్స్‌లో డబ్బు మార్చే వర్తకుల సంఘం, ఖాతా పుస్తకాల్లో ఆ కొత్త అంకెలు వాడొద్దని కట్టడి చేసింది.

ఇప్పుడు ఈ అక్షరాలు లెక్కకి పనికిరావు, వరస చెప్పడానికే మిగిలాయి. మన రాజ్యాంగం ఇంగ్లీషు ప్రతిలో భాగాలకి ఇవే నంబర్లు. ప్రాథమిక హక్కులు మూడో భాగం, మూడు ఐ లు. గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క మాట: ఐ వి ఎ అని కనిపిస్తే ఆ ఎ అంకె కాదు. 1976లో ప్రాథమిక విధుల్ని చేర్చినప్పుడు నాలుగో భాగం పక్కన తగిలించిన అక్షరం.

సరే, సుద్దముక్క మీ చేతికిస్తున్నాను. ఎవరు పుట్టిన సంవత్సరం వాళ్లు రాయాలి. 2014 పిల్లలకి ఐదు అక్షరాలే: ఎం ఎం, ఎక్స్, ఐ వి. 1988లో పుట్టిన అమ్మానాన్నలు ఎవరు? మీరు ముందు రండి. మీకు పదకొండు అక్షరాలు. బోర్డు ఎడమ చివర నుంచి మొదలుపెట్టండి, లేకపోతే చోటు చాలదు.