డబ్బా వెనకవైపు

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ వాడిన విశేషణాల్లో సగం వెనక్కి తీసుకోవాలని మనవి. నేను వైద్యుణ్ణి కాను, శాస్త్రవేత్తను అసలే కాను. ఈ ఊళ్లో 31 ఏళ్లు మందుల షాపు నడిపినవాణ్ణి. మీలో కొందరి అప్పుల పద్దు పుస్తకాలు ఇంకా మా అటక మీదే ఉన్నాయి. కాబట్టి మధ్యలో లేచి వెళ్లకండి.

ఈరోజు జనవరి 12. 1895లో ఇదే రోజున మన భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టారు. ఆయన గురించి మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ లోపలికి వస్తుంటే గుమ్మం పక్కన ఒక బల్ల కనబడింది. మీరూ చూసే ఉంటారు. బలం పొడి, జుట్టు మాత్రలు, కీళ్ల మాత్రలు, జయంతి సందర్భంగా తగ్గింపు ధరకు! ఫ్లెక్సీ ఖర్చు కూడా వారే పెట్టుకున్నారట. ఆ నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టేశాను. నిర్వాహకులు క్షమించాలి.

సుబ్బారావుగారి సంగతి క్లుప్తంగా చెబుతాను. స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టనబెట్టుకుంది. ఆయనా దాని బారిన పడి బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్లారు. లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ స్ప్రూకు పనికొచ్చే మందు అది. అంతకుముందే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో రక్తహీనతతో ఉన్న గర్భిణులకు ఈస్టు సారం ఇచ్చి, వాళ్లు కోలుకోవడం చూసింది. ఆ సారంలో ఉన్నదీ ఇదే. ఈరోజు ఆశా కార్యకర్త గర్భిణికి ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండేది మన ఊరివాడు పట్టుకున్న ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఇప్పుడు నా సంగతి. ఉండి రోడ్డులో రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసే ఒకావిడ నా షాపుకు వచ్చేది. ఐసు నీళ్లలో నాని వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడి ఉండేవి. ఒకరోజు వచ్చి గాజు అలమరాలో పైవరుస చూపించి, "అయ్యా, ఆ డబ్బాలో బలం ఉంటుందా? మా అమ్మాయికి అయిదో నెల" అంది. కొంగు ముడి విప్పి బల్ల మీద నోట్లు పెట్టింది. అవి కూడా తడిగానే ఉన్నాయి. లెక్కపెడితే నలభై రూపాయలు తగ్గాయి. "తర్వాత ఇద్దువులేమ్మా" అన్నాను. ఎంత మంచివాణ్ణో చూడండి!

బలం ఉంటుందా అని అడిగిందిగా, ఉంటుందన్నాను. ధర నియంత్రణలో ఉన్న మందు మీద చిల్లర వ్యాపారికి 16 శాతం మిగులుతుంది. ఆ డబ్బా మీద నాకు అంతకు రెట్టింపు దక్కేది.

ఆవిడ వెళ్లాక అలాంటిదే ఇంకో డబ్బా తీసి వెనకవైపు చదివాను. అన్నేళ్లుగా అమ్ముతూ చదవడం అదే మొదలు. వంద గ్రాముల పొడిలో 18 గ్రాముల మాంసకృత్తులు. రోజుకు రెండు చెంచాలు వేసుకుంటే నాలుగు గ్రాములు కూడా రావు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటాయి. ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిలోలకు కిలోలు ఒలిచే రొయ్యల్లోనో, వంద గ్రాములకు ఇరవై. మాంసకృత్తుల కుప్ప ముందు కూర్చుని కూలి చేసి, ఆ కూలి డబ్బుతో నా దగ్గర చక్కెర కలిపిన పొడి కొనుక్కుంది. ఇంట్లో ఎర్ర మాత్రలు ఉన్నాయా, అమ్మాయి వేసుకుంటోందా అని నేను అడగలేదు. నలభై రూపాయల బాకీ మాత్రం పుస్తకంలో రాసుకున్నాను. వారం తిరగకుండా తెచ్చి ఇచ్చింది.

ఏవీ కొనవద్దని చెప్పడం లేదు. నేనూ బి12 మాత్ర వేసుకుంటున్నాను. చక్కెర జబ్బుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికి, మాంసం, గుడ్డు ముట్టనివారికి అది తగ్గవచ్చు. పరీక్షలో తగ్గిందని తేలితే వేసుకోవాలి. తేలకుండా నీరసమనో పక్కింటివారు చెప్పారనో కొనేదాంతోనే నా పేచీ. విటమిన్ కదా, వేసుకుంటే ఏం పోతుందంటారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారి మీద పరీక్ష జరిపి 1994లో ఫలితాలు ప్రకటించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశపడి, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ ఇస్తే, అది తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది.

అంత దూరం ఎందుకు, నా వాకింగ్ మిత్రుడొకరు వారానికొకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లాన్ని రోజూ పాలలో కలుపుకుని తాగారు. దాహం, మలబద్ధకం, వాంతులు, చివరికి ఇంట్లోవారి పేర్లు తడబడ్డం. రక్తంలో కాల్షియం అంతలా పెరిగిపోయింది. ఆయన ఇవాళ రెండో వరుసలో కూర్చుని నవ్వుతున్నారు. చెప్పవచ్చని అనుమతి ఇచ్చారు లెండి.

గంట వినబడింది, ముగిస్తున్నాను. అన్నట్టు, థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి వేసుకునేవారు ఎందరు? చేతులెత్తండి. చూశారా! కాల్షియం పక్కనుంటే థైరాయిడ్ మాత్ర సరిగా ఒంటబట్టదు. రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ ముక్క కూడా ఆ బల్ల దగ్గర ఎవరూ చెప్పరు.

షాపు ఇప్పుడు మా అబ్బాయిది. అరుగు మాత్రం ఇంకా నాదే. రేపటి నుంచి ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా అక్కడే కూర్చుంటాను. ఇంట్లో ఉన్న డబ్బాలు, సీసాలు, వాటితో పాటు మీరు వాడే మందుల చీటీ సంచిలో వేసుకుని రండి. డాక్టరుగారిని ఏం అడగాలో కాగితం మీద రాసిస్తాను. కళ్లజోడు తెచ్చుకోండి, వెనకవైపు అక్షరాలు మరీ చిన్నవి.