కాళ్లకు తెలిసే కరెంటు

శ్రోతలకు నమస్కారం.

వాట్ అంటే ఏమిటని పిల్లలను అడిగితే ‘సెకనుకు ఒక జౌల్’ అని టక్కున అప్పజెబుతారు. 60 వాట్లంటే ఎంత శ్రమో చూపించమంటే మాత్రం దిక్కులు చూస్తారు. తప్పు వాళ్లది కాదు. మనం వాళ్లకు నిర్వచనం ఇచ్చాం కానీ బరువు ఇవ్వలేదు.

ఒక సైకిల్‌ను కదలకుండా స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రానికి బెల్టుతో చిన్న జనరేటర్ తగిలిస్తే ఆ బరువు తెలుస్తుంది. 12 వోల్టుల పరికరమైతే పిల్లల చేతికి భయం లేకుండా ఇవ్వవచ్చు. బల్బులూ ఆ వోల్టేజీకి తగినవే ఉండాలి. ఫోను మాత్రం నేరుగా తగిలించకండి. తొక్కే వేగాన్ని బట్టి వోల్టేజీ ఎగుడుదిగుడుగా వస్తుంది, మధ్యలో రెగ్యులేటర్ ఉండి తీరాలి.

మొదట స్విచ్చి వేయకుండా తొక్కించండి. పెడళ్లు హాయిగా తిరుగుతాయి. ఇప్పుడు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు స్విచ్చి వేయండి. వెనక నుంచి ఎవరో చక్రాన్ని పట్టుకున్నట్టు పెడళ్లు బరువెక్కుతాయి. తొక్కే పిల్లవాడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూస్తాడు. పాఠమంతా ఆ చూపులోనే ఉంది. వెంటనే సూత్రం చెప్పేసి దాన్ని పాడుచేయకూడదని నా అభిప్రాయం. కాసేపు స్విచ్చి వేస్తూ, తీస్తూ ఆడుకోనివ్వండి.

కారణం తర్వాత చెప్పవచ్చు. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే కనుగొన్నాడు. స్విచ్చి తీసి ఉన్నప్పుడు వోల్టేజీ ఉంటుంది కానీ ప్రవాహం ఉండదు. స్విచ్చి వేయగానే జనరేటర్‌లోని తీగచుట్టలో కరెంటు పారుతుంది. ఆ కరెంటే మరో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించి, తనకు కారణమైన కదలికకే అడ్డుపడుతుంది. 1834లో లెంజ్ చెప్పిన నియమం ఇదే. ఆ అడ్డును దాటడానికి కాళ్లు పడే శ్రమే బల్బులో వెలుగూ వేడీ అవుతుంది.

ఇక బల్బు మార్చండి. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టండి. తొక్కడం ఒక్కసారిగా తేలికవుతుంది. పొదుపు గురించి గంటసేపు ఉపన్యసించినా రాని తేడా ఇది. అంతకుముందు తాను ఎక్కువగా తొక్కింది గాజుబుడ్డిని వేడెక్కించడానికేనని పిల్లవాడికి అప్పుడు అర్థమవుతుంది. వాడి ఒంటి చెమటా లెక్కలోదే. తిన్న తిండి శక్తిలో పెడళ్లకు చేరేది పావు వంతుకు మించదు, మిగిలినది ఒంట్లో వేడిగా మారుతుంది.

చివరిగా ఒక లెక్క ఇవ్వండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు ఎక్కువసేపు తొక్కితే సుమారు 100 వాట్లు ఇవ్వగలరు. జనరేటర్‌లో నష్టాలు లేవనుకున్నా, ఒక్క యూనిట్ కరెంటుకు, అంటే 1000 వాట్లు గంటసేపు వాడినంత శక్తికి, 10 గంటలు తొక్కాలి. మరి 2000 వాట్ల నీళ్ల హీటరు నడవాలంటే ఎన్ని సైకిళ్లు కావాలి? 20 అని పిల్లలే చెబుతారు. ఆ 20 మందిలో ఒకరు అలసి దిగిపోతే ఏమవుతుందో కూడా వాళ్లనే అడిగి చూడండి.

సెలవు, నమస్కారం.