నది మొత్తాన్ని చూసి ఎంచుకుందాం

అందరికీ నమస్కారం.

ఒక జలవిద్యుత్ ప్రాజెక్టుకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్న ఫైలు అధికారి బల్ల మీదికి వచ్చేసరికి, అసలు తేల్చాల్సిన విషయం చాలావరకు చేయి దాటిపోయి ఉంటుంది. సర్వే అయిపోయింది, డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) తయారైంది, కంపెనీ బోలెడు డబ్బు పెట్టేసింది. ఇక మిగిలేది ఆనకట్ట ఎత్తు కాస్త తగ్గించాలా, పరిహారం ఇంకొంచెం పెంచాలా అన్న బేరమే. ఈ నదిలో కట్టదగిన చోట్లు ఇన్ని ఉండగా ఇక్కడే ఎందుకు అన్న మాట ఆ ఫైల్లో ఎక్కడా ఉండదు. దాని గురించే ఈ రోజు మాట్లాడతాను.

పైకి లెక్క సులువే. నీరు ఎంత ఎత్తు నుంచి పడుతోంది, ఎంత పడుతోంది అన్న రెండింటి మీదే కరెంటు ఆధారపడుతుంది. వంద మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు పడితే, యంత్రాల్లో పోయేది పోగా సుమారు 850 కిలోవాట్లు వస్తుంది. ఇంజనీరు మ్యాపు ముందేసుకుని, వాలు బాగున్న చోట్లన్నీ గుర్తుపెట్టి, యూనిట్‌కు ఎంత పడుతుందో లెక్కగట్టి, చవకైనవి పైన రాస్తాడు. చాలా నదుల మీద ప్రాజెక్టుల జాబితాలు ఇలాగే పుట్టాయి. ఈ జాబితాలో మునిగే భూమికి, ఆగిపోయే చేపకు, పైనుంచి వచ్చే ముప్పుకు గడి ఉండదు.

మునిగే భూమి సంగతే తీసుకోండి. బ్రెజిల్‌లో అమెజాన్ ఉపనది మీద కట్టిన బాల్బినా ప్రాజెక్టు సామర్థ్యం 250 మెగావాట్లు. దానికోసం రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి మునిగింది. అదే దేశం పరాగ్వేతో కలిసి పరానా నది మీద కట్టిన ఇటైపూ 14,000 మెగావాట్లది, ముంపు సుమారు 1,350 చదరపు కిలోమీటర్లు. ఒక్కో మెగావాటుకు చూస్తే బాల్బినా ఇటైపూ కంటే ఎనభై రెట్లు ఎక్కువ నేల మింగింది. ఇటైపూ ఏమీ అమాయకురాలు కాదు, 1982లో గొప్ప జలపాతాల వరుసనే ముంచేసింది. అయినా బల్లపరుపు నేల మీద ఆనకట్ట కడితే ఏమవుతుందో చెప్పడానికి బాల్బినాను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

చేపల విషయం ఇంకా చిక్కు. ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నదిలో చాలా రకాల చేపలు గుడ్లు పెట్టడానికి ఉపనదుల్లోకి ఎదురీదుతాయి. అక్కడ ప్రతిపాదనలో ఉన్న ఉపనదుల ఆనకట్టలను ఒక్కోదాన్నీ విడిగా కాకుండా బేసిన్ (నదీ పరీవాహక ప్రాంతం) మొత్తం మీద బేరీజు వేసి 2012లో శాస్త్రవేత్తలు ఒక అధ్యయనం వెలువరించారు. కంబోడియాలో సెసాన్, స్రెపోక్ నదులు కలిసే చోట తలపెట్టిన లోయర్ సెసాన్ 2 ఒక్కటే బేసిన్ మొత్తంలో చేపల రాశిని సుమారు 9 శాతం తగ్గిస్తుందని తేలింది. దాని సామర్థ్యం 400 మెగావాట్లే. రెండు పెద్ద ఉపనదులకు అది ఒకే వాకిలి, ఆ వాకిలి మూస్తే పైనున్న వాగులన్నీ చేపకు అందకుండా పోతాయి. ఎగువన ఎక్కడో మారుమూల కట్టి ఉంటే నష్టం ఇంత ఉండేది కాదు. అధ్యయనం వచ్చాక కూడా దాన్ని కట్టారు, 2018లో పూర్తయింది. ప్రాజెక్టు నివేదికను విడిగా చదివితే ఇందులో తప్పు కనిపించదు, అదే అసలు ఇబ్బంది.

మరి మొత్తంగా చూడడం ఎలా? ఇరవై చోట్లు ఉంటే, కట్టడమా మానడమా అన్న లెక్కన పది లక్షలకు పైగా కలయికలు వస్తాయి. వీటిని మనుషులు కూర్చుని చూడలేరు, కంప్యూటర్ చూడగలదు. దాదాపు ఒకే మొత్తం కరెంటు ఇచ్చే వందల కలయికల్లో కొన్ని నదిని దాదాపు వదిలేస్తాయి, కొన్ని ముక్కలు చేస్తాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పెనోబ్‌స్కాట్ నది మీద ఈ పని వెనక నుంచి, అంటే ఆనకట్టలు కట్టేశాక, చేశారు. ఆనకట్టల యజమానులు, అక్కడి ఆదివాసీ తెగ, ప్రభుత్వం, పర్యావరణ సంఘాలు 2004లో ఒప్పందానికి వచ్చాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న రెండు ఆనకట్టలను 2012, 2013లలో తీసేశారు, మూడోదాని పక్కన చేపల కోసం దారి తవ్వారు. మిగిలిన ఆనకట్టల్లో ఉత్పత్తి పెంచుకున్నారు. మొత్తం కరెంటు తగ్గలేదు, సముద్రపు చేపలు లక్షల్లో తిరిగొచ్చాయి. కట్టకముందే ఆ తెలివి ఉంటే ఎంత డబ్బు మిగిలేదో!

ఇక ముప్పు. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ లోనక్ హిమానీ సరస్సు (మంచు కరిగి నిండిన సరస్సు) తెగి, తీస్తా నది మీది 1,200 మెగావాట్ల తీస్తా 3 ఆనకట్ట కొట్టుకుపోయింది. ఆ వరద దిగువనున్న తీస్తా 5నూ దెబ్బతీసింది. ఒకే నది మీద మెట్లు మెట్లుగా కట్టినప్పుడు పైవాడి ప్రమాదం కిందవాడి నెత్తిన పడుతుంది. 2021 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని చమోలీలోనూ అంతే, చిన్న రిషిగంగ ప్రాజెక్టు కొట్టుకుపోయింది, దిగువన కడుతున్న తపోవన్ ప్రాజెక్టు సొరంగంలో మనుషులు చిక్కుకుపోయారు. ఇలాంటి లోయల్లో మొదటి ప్రాజెక్టు కట్టే ముందే చివరిదాని దాకా ఆలోచించాలి. కరువు ముప్పు వేరే. ఆఫ్రికాలోని జాంబియా తన కరెంటులో ఎక్కువ భాగానికి జాంబెజీ నది బేసిన్‌నే నమ్ముకుంది, 2024లో వానలు మొహం చాటేస్తే దేశమే చీకట్లో పడింది.

నార్వే ఈ పంచాయితీని కొంతవరకు ముందే తేల్చుకుంది. 1973 నుంచి కొన్ని నదులను అసలు ముట్టుకోకూడదని పార్లమెంటు తీర్మానిస్తూ వచ్చింది. మిగిలిన ప్రతిపాదనలను 1980లలో ఖర్చునూ పర్యావరణ గొడవలనూ కలిపి వర్గాలుగా విడగొట్టి, ముందు చూడాల్సినవేవో, ఆపాల్సినవేవో చెప్పింది. పైసా ఖర్చు పెట్టకముందే కంపెనీకి సంగతి తెలిసిపోయేది. ఇది వ్యాపారానికి అడ్డమనే వాళ్లతో నేను ఏకీభవించను. పదేళ్లు కోర్టుల చుట్టూ తిరగడం కంటే ముందే వద్దనిపించుకోవడం చవక.

అలాంటి జాబితా వచ్చేదాకా పనులన్నీ ఆపాలా? మెకాంగ్ ప్రధాన నది మీద నిర్ణయాలు పదేళ్లు వాయిదా వేయాలని 2010లో ఆ నది పంచుకునే దేశాల మెకాంగ్ కమిషన్ కోసం చేసిన అధ్యయనం చెప్పింది. లావోస్ ఆగలేదు, ప్రధాన నది మీద అది కట్టిన సయాబురి ఆనకట్ట 2019 నుంచి కరెంటు ఇస్తోంది. కరెంటు కావలసిన ప్రభుత్వానికి పదేళ్లు ఆగమంటే అది వినదని ఒప్పుకోవాలి. గడువు తక్కువగా ఉండాలి, ఆ గడువులో చేతికి పనీ ఉండాలి. పాత ఆనకట్టల్లో అరిగిపోయిన టర్బైన్లు మార్చవచ్చు, సాగునీటి కోసం కట్టి కరెంటు తీయకుండా వదిలేసిన ఆనకట్టల దగ్గర విద్యుత్ కేంద్రాలు పెట్టవచ్చు. వీటికి కొత్త ముంపు ఉండదు, ఏ జాబితా వేసినా ఇవి మొదటి వరసలోనే వస్తాయి.