వ్యసనం ఎంతవరకు వారసత్వం?

శ్రోతలకు నమస్కారం. తండ్రి తాగుడుకు బానిసైతే కొడుకూ ఏదో ఒకనాడు ఆ దారి పట్టక తప్పదని చాలామంది అలవోకగా అనేస్తుంటారు. ఆ మాట చెవిన పడుతూ పెరిగే పిల్లవాడు తన భవిష్యత్తు ముందే రాసిపెట్టి ఉందని నమ్మడం మొదలుపెడతాడు. అందుకే ఇందులో నిజం ఎంతవరకు ఉందో జాగ్రత్తగా చూడవలసి ఉంది.

కొడుకు తండ్రిని చూసి నేర్చుకున్నాడా, పుట్టుకతోనే ఆ మొగ్గు తెచ్చుకున్నాడా అన్నది ఒకే ఇంట్లో పెరిగినవారిని చూసి తేల్చలేము. ఈ చిక్కు విప్పడానికే అమెరికా మనోవైద్యుడు డానల్డ్ గుడ్‌విన్ బృందం డెన్మార్క్‌లో పసితనంలోనే దత్తత వెళ్లిన మగవారిని పరిశీలించి, 1973లో ఫలితాలు ప్రకటించింది. మద్యానికి బానిసలైనవారికి పుట్టి, వేరే ఇళ్లలో పెరిగినవారిలో ఆ వ్యసనం మిగతా దత్తపుత్రులలో కంటే దాదాపు 4 రెట్లు ఎక్కువగా కనిపించింది. అయినా వారిలో అత్యధికులు వ్యసనపరులు కాలేదన్న సంగతి కూడా అదే పరిశీలనలో ఉంది. దీన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కవలలపై జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మద్య వ్యసనంలో వారసత్వం పాలు సుమారు 50 శాతమని తేలింది. ఈ అంకెను చాలామంది పొరబాటుగా అర్థం చేసుకుంటారు. తాగుబోతు బిడ్డ తాగుబోతు అయ్యే అవకాశం సగానికి సగం అని దీని అర్థం కాదు. ఒక జనాభాలో కొందరు వ్యసనానికి లోనై, మరికొందరు కాకపోవడానికి గల తేడాలో దాదాపు సగం జన్యువుల వల్ల, మిగతా సగం పెంపకం, స్నేహాలు, మద్యం అందుబాటు వంటి పరిస్థితుల వల్ల వస్తుందని మాత్రమే ఈ అంకె చెబుతుంది. ఏ ఒక్క మనిషి జాతకమూ ఇందులో లేదు.

అసలు వ్యసనానికంటూ ఒక జన్యువు లేదు. సుమారు 12 లక్షల మంది జన్యు సమాచారాన్ని పరిశీలించి 2019లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, పొగాకు, మద్యం వాడకంతో సంబంధమున్న చోట్లు మన జన్యుపదార్థంలో 400కు పైగా కనిపించాయి. వాటిలో ఒక్కొక్కదాని ప్రభావం చాలా స్వల్పం.

గట్టి ప్రభావం చూపేవి కొన్ని లేకపోలేదు. మద్యం కాలేయంలో మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. దాన్ని ఎసిటేట్‌గా మార్చి హాని తప్పించే ఎంజైమ్ పేరు ఏఎల్‌డీహెచ్2. తూర్పు ఆసియా దేశాలలో చాలామందికి ఈ ఎంజైమ్‌ను సరిగా పనిచేయనివ్వని జన్యుభేదం ఉంటుంది. వారు కాస్త తాగినా ముఖం ఎర్రబారుతుంది, గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. మద్యం మాన్పించడానికి వైద్యులు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర చేసే పనిని వీరికి పుట్టుకతో వచ్చిన జన్యువే చేసిపెడుతుంది.

అంతటి రక్షణ కూడా చెక్కుచెదరకుండా నిలవలేదు. జపాన్‌లో మద్య వ్యసనానికి చికిత్స పొందుతున్నవారిలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే రెండు జన్యు ప్రతులలో ఒకదానిలో ఈ భేదం ఉన్నవారు 1979లో 2.5 శాతం మంది కాగా, 1986లో 8 శాతానికి, 1992లో 13 శాతానికి పెరిగారు. పదమూడేళ్లలో ఒక జాతి జన్యువులు మారిపోవు. మారినది సమాజంలో తాగుడుకు దొరికిన చోటు, తాగమని చేసే ఒత్తిడి. శరీరం వద్దని మొరపెడుతున్నా మనిషి చేత తాగించగలిగినంత బలం పరిసరాలకు ఉందనడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు నేను చూడలేదు.

పొగాకు విషయంలోనూ ఇలాంటివే బయటపడ్డాయి. 15వ క్రోమోజోమ్‌పై ఉన్న ఒక భేదం, మెదడులో నికోటిన్ అతుక్కునే గ్రాహకాల తీరును మార్చి, అది ఉన్నవారు ఎక్కువ సిగరెట్లు కాల్చేలా చేస్తుందని 2008 నుంచి తెలుస్తూ వచ్చింది. కాని మొదటి సిగరెట్టు ముట్టనివారిలో ఆ భేదం ఉన్నా అది వారిని పొగకు బానిసలను చేయలేదు.

ఇక ఇంట్లో వ్యసనం ఉన్న యువతీయువకులు ముఖ్యంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఎంత తాగినా తూలనివాణ్ణి స్నేహితులు మెచ్చుకుంటారు, అతడూ దాన్ని గొప్పగా భావిస్తాడు. అమెరికా వైద్యుడు మార్క్ షుకిట్ ఇరవై ఏళ్ల ప్రాయంలోని యువకులకు కొలిచిన మోతాదులో మద్యం ఇచ్చి, తూలుడును, మత్తు అనుభూతిని నమోదు చేసి, తరవాత ఏళ్ల తరబడి వారిని గమనించారు. మద్యానికి బానిసలైనవారి కొడుకులలో చాలామందికి మత్తు తక్కువగా ఎక్కింది. అలా తక్కువగా ఎక్కినవారే తరవాతి కాలంలో ఎక్కువగా వ్యసనం పాలయ్యారు. చాలించమని శరీరం చేసే హెచ్చరిక వారికి ఆలస్యంగా అందుతుంది, ఈలోగా మోతాదు పెరిగిపోతుంది. కనుక తనకు మత్తు త్వరగా ఎక్కదని గమనించిన యువకుడు, ముఖ్యంగా తల్లిదండ్రులలో ఎవరికైనా ఈ వ్యసనం ఉన్నవాడు, ఆ సంగతిని దాచుకోకుండా వైద్యునితో చెప్పి సలహా తీసుకోవాలి. వ్యసనం ఇంకా మొదలు కాకపోయినా సరే, అలా అడగడానికి అదే తగిన సమయం.